వాయించే చేయి - పాడే గొంతు

హైదరాబాదు మహానగరానికి ఉత్తరాన, మేడ్చల్ వెళ్లే రహదారికి చేరువలో, కొంపల్లి పక్కన దూలపల్లి అనే ఊరు ఉంది. పేరులోనే దూలాన్ని ఇముడ్చుకొన్న ఈ ఊరికి చెట్లతో సంబంధం నేటికీ తెగలేదు. అటవీ ఉద్యోగులకు శిక్షణనిచ్చే అకాడమీ, అడవులలోని జీవవైవిధ్యాన్ని పరిశోధించే సంస్థ ఇక్కడే ఉన్నాయి. ఇటీవలి దశాబ్దాలలో ఈ పరిసరాలలో ఇంజనీరింగు కళాశాలలు, వాటి వెంట వసతిగృహాలు వెలిశాయి. విద్యార్థులు ఎక్కువగా నివసించే ఇటువంటి శివారు ఊళ్లలో గిటారు ఇప్పుడు అపురూపమైన వస్తువు కాదు. సాయంకాలం వసతిగృహపు మెట్ల మీద ఒక యువకుడు తీగలు మీటుతూ ఉంటాడు. పక్కన కూర్చున్న మిత్రుడు పాడుతూ ఉంటాడు. మీటుతున్న ఆ యువకుణ్ణే పాడమంటే చేయి ఆగిపోతుంది. చేయి ఆగకుండా చూసుకొంటే పాట ఆగిపోతుంది.

ఈ ఇబ్బంది చిత్రమైనది. గిటారు చేపట్టిన ఒకటి రెండు నెలలలో రెండు మూడు కార్డులు పట్టడం అలవడుతుంది. ఒకేసారి మోగే మూడు నాలుగు స్వరాల కూర్పును గిటారు భాషలో కార్డు అంటారు. ఇక పాట సంగతి చెప్పనక్కరలేదు. అది చిన్ననాటి నుంచి నోట నానినదే. విడివిడిగా రెండూ వచ్చు. కలిపితే రెండూ రావు. దీనితో విద్యార్థి తనకు ఆ వరం లేదని నిర్ణయించుకొంటాడు. తల్లిదండ్రులు కొనిచ్చిన గిటారు కొద్ది వారాలకే గోడకెక్కుతుంది. వేళ్ల నొప్పిని ఓర్చుకొన్నవారు కూడా ఈ మలుపు దగ్గర నిలిచిపోవడం కద్దు. అందుచేత, ఈ కష్టం ఎక్కడి నుంచి వస్తున్నదో ముందుగా తెలుసుకోవడం అవసరం.

అవధానం అనే మాట తెలుగువారికి సుపరిచితం. అష్టావధానంలో ఒక పృచ్ఛకుడు సమస్య ఇస్తాడు, ఒకరు దత్తపది ఇస్తారు, మరొకరు నిషిద్ధాక్షరి నిర్వహిస్తారు, అప్రస్తుత ప్రసంగి నడుమ నడుమ మాట కలుపుతాడు, ఇంకొకరు ఉండి ఉండి గంట మోగిస్తారు. తిరుపతి వేంకట కవులుగా ప్రసిద్ధులైన దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872-1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870-1950) ఈ విద్యకు ఊరూరా జనాదరణ కలిగించారు. అయితే అవధాని ఎనిమిది పనులనూ ఒకే క్షణంలో చేయడు. ఒక పృచ్ఛకునికి ఒక పాదం చెప్పి, దానిని ధారణలో భద్రపరచి, తరువాతి పృచ్ఛకుని వైపు తిరుగుతాడు. మనస్సు ఒక క్షణంలో ఒక్కదానిపైననే సంపూర్ణంగా నిలుస్తుందన్న సంగతి ఆ విద్యను రూపొందించిన పెద్దలకు తెలుసు. అందుకే వారు వంతులు ఏర్పాటు చేశారు.

పాటకు, వాద్యానికి ఆ వెసులుబాటు లేదు. అవి వంతులు వేసుకొనేవి కావు. రెండూ ఒకే క్షణంలో జరగవలసిందే. కాబట్టి రెండింటిలో ఒకటి మనస్సు తోడు అక్కరలేకుండా సాగిపోవాలి. పాటలో మాట ఉంది, అర్థం ఉంది, ఊపిరి ఉంది, భావం ఉంది. దానిని మనస్సుకు దూరం చేస్తే పాట పాటగా మిగలదు. మనస్సు లేకుండా నడవవలసినది చేయి మాత్రమే. అమెరికాకు చెందిన మనోవిజ్ఞానవేత్తలు పాల్ ఫిట్స్, మైకేల్ పోస్నర్ 1967లో ప్రచురించిన గ్రంథంలో, ఏ నైపుణ్యమైనా మూడు దశలలో అలవడుతుందని వివరించారు. మొదటి దశలో ప్రతి కదలికనూ ఆలోచించి చేయాలి. రెండవ దశలో తప్పులు తగ్గుతాయి, కదలికలు ఒకదానితో ఒకటి అతుక్కొంటాయి. మూడవ దశలో పని తనంతట తానే జరిగిపోతుంది. సైకిలు తొక్కడం నేర్చుకొంటున్న పిల్లవాడు మాటాడలేడు; నేర్చిన తరువాత వెనుక కూర్చున్నవానితో కబుర్లు చెబుతూ తొక్కుతాడు. గిటారు విద్యార్థి సాధారణంగా చేసే పొరపాటు మొదటి దశలో ఉన్న చేతికి పాటను జతచేయబోవడం. అది లోపం కాదు, తొందర.

పాడుతూ చేతితో మరొక పని చేయడం తెలుగు నేలకు కొత్త విషయమేమీ కాదు. తిరుగలి తిప్పుతూ పాడిన పాటలు, రోకలి వేస్తూ పాడిన దంపుడు పాటలు, ఏతం తొక్కుతూ, నాట్లు వేస్తూ పాడిన పాటలు మన జానపద సాహిత్యంలో కోకొల్లలు. ఆచార్య బిరుదురాజు రామరాజు గారి 'తెలుగు జానపద గేయ సాహిత్యము' 1958లో వెలువడిన తరువాత ఈ సంపద పండితుల దృష్టికి విశేషంగా వచ్చింది. ఈ పాటలన్నింటిలోనూ తాళాన్ని పనే వేస్తుంది. రోకలి పడిన చోట దెబ్బ, అది లేచిన చోట విరామం. దంచే స్త్రీ పాటను ఒకచోట, దంచడాన్ని ఒకచోట నేర్చుకొని తరువాత అతికించుకోలేదు. ఒళ్లు ఒక లయకు అలవాటుపడింది. పాట ఆ లయపైన ఎక్కింది. బతుకమ్మ చుట్టూ తిరిగే బాలికను గమనించినా ఈ విషయమే తెలుస్తుంది. అడుగు వేయాలి, వంగాలి, చప్పట్లు కొట్టాలి, పాట అందుకోవాలి. ఇవి నాలుగు వేర్వేరు పనులన్న ఊహ కూడా ఆమెకు రాదు. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలలో పుట్టి పెరిగిన విద్యార్థినులలో చాలామంది ఈ విద్యలో ఏనాడో ఉత్తీర్ణులైనవారే. వారు గిటారు ముందు వెనుకాడడానికి కారణం మరొకటి ఉంది. దానికి ముందు, వాద్యాన్నే వృత్తిగా స్వీకరించిన కళాకారుల పద్ధతిని చూడాలి.

బుర్రకథలో కథకుని వేషం, నిలుచున్న తీరు గుర్తుచేసుకొంటే చాలు. భుజం మీద తంబుర, దానిని మీటే వేళ్లు, వేళ్లకు తొడిగిన అందెల చప్పుడు, కాళ్లకు గజ్జెలు, ముందుకూ వెనుకకూ నడక, వీటన్నింటి పైన కథాగానం. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో జన్మించిన షేక్ నాజర్ (1920-1997) ప్రజానాట్యమండలి ద్వారా ఈ కళను వేలాది శ్రోతల ముందుకు తీసుకొని వెళ్లారు. బెంగాల్ కరువును, పల్నాటి యుద్ధాన్ని, బొబ్బిలి యుద్ధాన్ని, అల్లూరి సీతారామరాజు జీవితాన్ని ఆయన కథలుగా పాడారు. 1986లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో గౌరవించింది. కరువులో మరణించిన తల్లీబిడ్డల కథ చెబుతున్న గాయకుడు, వేలు ఏ తీగ మీద ఉన్నదో చూసుకొంటూ కూర్చుంటే శ్రోత కంట నీరు రాదు. చేయి తన పని తాను చేసుకొనిపోవాలి, ముఖం శ్రోతల వైపు ఉండాలి. బుర్రకథకు మరొక సౌలభ్యం కూడా ఉంది. గుమ్మెటలు వాయించే ఇద్దరు వంతలు పల్లవిని అందుకొని కథకునికి ఊపిరి తీసుకొనే వ్యవధి కల్పిస్తారు. కొత్తగా గిటారుతో పాడేవారు కూడా ఇటువంటి వంతలను పక్కన పెట్టుకొంటే ఎంతో మేలు. పల్లవిని మిత్రులకు వదిలి, ఆ సేపు చేతిని మాత్రం నడుపుకోవచ్చు.

హరికథలోనూ ఇంతే. చేతిలో చిడతలు, కాళ్లకు గజ్జెలు, నోట గానం. విజయనగరంలో 1919లో స్థాపితమైన సంగీత కళాశాలకు తొలి అధ్యక్షులైన ఆదిభట్ల నారాయణదాసు (1864-1945) గారికి లయలో ఉన్న అధికారం లోకప్రసిద్ధం. రెండు చేతులు, రెండు కాళ్లు, శిరస్సు - ఈ అయిదింటితో అయిదు వేర్వేరు తాళాలను ఏకకాలంలో నిర్వహించగలవారని ఆయనకు పేరు. ఇది అసామాన్యుల విషయం. ఇంటర్మీడియట్ విద్యార్థికి ఒక్క తాళం చాలు. ఆ ఒక్క తాళంలోనే చేయి, గొంతు రెండూ ఇమిడిపోతాయి.

పాలమూరు ప్రాంతపు పన్నెండు మెట్ల కిన్నెరది ఇంకొక దారి. పొడవైన దండెకు ఎండిన సొరకాయ బుర్రలు అమర్చి, దండె మీద మెట్లు నిలిపి, తీగలు బిగించి చేసే వాద్యమది. తరతరాలుగా దీనిని పట్టుకొని కథలు పాడిన డక్కలి కుటుంబాలకు చెందిన దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ పురస్కారం లభించింది. కిన్నెర కళాకారుడు పాడే స్వరాన్నే వేళ్లు మెట్ల మీద వెతికి పలికిస్తాయి. గొంతు ఎక్కితే వేలు ఎక్కుతుంది, గొంతు దిగితే వేలు దిగుతుంది. అందుచేతనే కిన్నెరను విడిగా, పాటను విడిగా నేర్పడం కష్టం. పాట రానివాడికి కిన్నెర ఇచ్చినా అందులో కథ ఉండదు. కిన్నెర చేయి తిరగనివాడు ఆ పాటను పాడినా దాని తీరు రాదు. ఇటువంటి కళ ఒక తరంలో నేర్చేవారు లేక ఆగిపోతే, వాద్యాన్ని ప్రదర్శనశాలలో దాచవచ్చు. చేతికీ గొంతుకూ నడుమ ఉన్న పొత్తును ఏ అద్దాల పెట్టెలోనూ దాచలేము.

ఈ వాద్యాలను పక్కపక్కన పెట్టి చూస్తే గిటారు ఎందుకు తికమక పెడుతుందో తెలుస్తుంది. తంబుర గాయకునికి శ్రుతిని మాత్రమే ఇస్తుంది. చిడత తాళాన్ని మాత్రమే ఇస్తుంది. కిన్నెర, వీణ, భజన మందిరంలోని హార్మోనియం గొంతు వెంట నడుస్తాయి. గిటారు కార్డులు మాత్రం ఈ రెండు తరగతులలోనూ చేరవు. అవి గొంతు వెంట నడవవు, ఒకే శ్రుతి మీద నిలవవు. పాట ఒక దారిన పోతుంటే అవి దాని కిందుగా మరొక దారిన పోతూ, అక్కడక్కడ కలుసుకొంటాయి. గొంతు ఆరు స్వరాలు తిరిగినా చేయి ఒకే కార్డు మీద ఉండవచ్చు. గొంతు ఒకే అచ్చు మీద నిలిచినప్పుడు కార్డు మారవచ్చు. పైగా బతుకమ్మ చప్పట్లలో రెండు చేతులదీ ఒకే పని కాగా, గిటారులో ఎడమచేయి మెట్ల మీద తీగలను నొక్కుతుంది, కుడిచేయి మీటుతుంది. గొంతుతో కలిసి పనులు మూడయ్యాయి. వెనుకాటుకు కారణం ఇదే.

గిటారుకు నేటి ఆకృతిని స్థిరపరచినవారిలో ముఖ్యుడు 19వ శతాబ్దపు స్పెయిన్ దేశస్థుడు ఆంటోనియో దె టోర్రెస్ (1817-1892). మన అడవుల జిట్రేగి కలపను ప్రపంచంలోని పేరున్న గిటారు తయారీదారులు వాద్యపు వెనుకభాగానికీ పక్కలకూ వాడతారన్న సంగతిని దూలపల్లి అటవీ అకాడమీకి సమీపంలో నివసించే విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవచ్చు. గిటారుకు తీగలు ఆరు. లావు తీగ నుంచి సన్న తీగ వరకు వాటిని ఇ, ఎ, డి, జి, బి, ఇ అనే స్వరాలకు బిగిస్తారు. సి స్వరాన్ని షడ్జమంగా తీసుకొంటే సి కార్డులో ఉండేవి షడ్జమం, గాంధారం, పంచమం. ఎఫ్ కార్డులో మధ్యమం, ధైవతం, షడ్జమం. జి కార్డులో పంచమం, నిషాదం, రిషభం. మూడు కార్డులను కలిపి లెక్కిస్తే శంకరాభరణ రాగంలోని ఏడు స్వరాలూ లభిస్తాయి. మూడు కార్డులతోనే అనేక పాటలు పాడుకోగలగడంలోని రహస్యం ఇక్కడ ఉంది. అయితే ప్రతి రాగమూ కార్డులకు లొంగదు. సంగీతాభ్యాసంలో మొదట నేర్చే సరళీ స్వరాలు మాయామాళవగౌళ రాగంలో ఉంటాయి. వాటిని జి కార్డుతో పాడబోతే రిషభం దగ్గర గొంతూ తీగా ఢీకొంటాయి. గమకం ప్రధానమైన తోడి వంటి రాగాలను కార్డుల మీద నిలపడం కంటె తంబుర శ్రుతితో పాడుకోవడమే మర్యాద. మోహన రాగపు నడక గల లలితగీతాలు, సినిమా పాటలు, ఆరాధన గీతాలు గిటారు మీద చక్కగా కుదురుతాయి. తొలి పాటను ఎంచుకోవడంలో ఈ వివేకం ఉంటే సగం శ్రమ తప్పుతుంది.

ఇక అభ్యాసం. మొదట పాటను పూర్తిగా పక్కన పెట్టాలి. రెండు కార్డులను తీసుకొని, నిమిషానికి అరవై దెబ్బల చొప్పున, ఆదితాళపు ఎనిమిది అక్షరాలకు ఒక కార్డు, తరువాతి ఎనిమిదికి మరొకటిగా మీటాలి. ప్రతి అక్షరానికీ చేయి కిందికి దిగుతుంది, రెండు అక్షరాల నడుమ పైకి లేస్తుంది. తీగను తాకినా తాకకపోయినా చేయి ఉయ్యాల వలె ఊగుతూనే ఉండాలి. తాకవలసిన చోట తాకడం, తాకనక్కరలేని చోట గాలిలోనే పోనివ్వడం - గిటారు నడకలన్నీ ఈ రెండింటి కూర్పులే. కార్డు మారే చోట చేయి ఆగి, వేళ్లు చేరిన తరువాత మళ్లీ కదిలితే అది అభ్యాసం కాదు, ఆగడానికి చేసే అభ్యాసం. ఎడమచేతి వేళ్లు సమయానికి చేరకపోయినా కుడిచేయి ఆగకూడదు. రెండు మూడు తీగలు మూగపోయినా దోషం లేదు. తాళం తప్పడం మాత్రం దోషమే.

చేయి సిద్ధమైనదో లేదో తెలుసుకోవడానికి ఒక సులభమైన పరీక్ష ఉంది. మీటుతూ ఉండగానే వార్తాపత్రికలోని నాలుగు వాక్యాలు పైకి చదవాలి. లేదా "అన్నం తిన్నావా?" అని అమ్మ వంటింటి నుంచి అడిగితే చేయి ఆపకుండా సమాధానం చెప్పాలి. మాటకు చేయి తడబడితే ఇంకా కొన్నాళ్లు చేతికే కేటాయించాలి. తడబడకపోతే పాటకు సమయం వచ్చింది. ఈ పరీక్ష చూడడానికి నవ్వు పుట్టించవచ్చుగాని, ఇంతకంటె నిజం చెప్పే పరీక్ష లేదు.

పాటను ప్రవేశపెట్టడంలోనూ మెట్లున్నాయి. ముందు మాటలు లేని కూనిరాగం. ఒకే కార్డు మీటుతూ, పాట వరుసను పెదవులు మూసి అనుకోవాలి. తరువాత వరుస లేకుండా మాటలను మాత్రం తాళానికి సరిపడా పలకాలి. బాలశిక్షలోని పద్యాన్ని అప్పగించినట్లు ఉన్నా ఫరవాలేదు. ఏ అక్షరం ఏ దెబ్బ మీద పడుతున్నదో తెలియడమే ఇక్కడ ముఖ్యం. ఆ తరువాత ఆవర్తానికి ఒక్కసారి మాత్రమే, అంటే కార్డు మారిన దెబ్బ మీద మాత్రమే, తీగలు మీటి మిగిలిన ఏడు అక్షరాలలో పాడాలి. గొంతుకు ఆ నిశ్శబ్దంలో చోటు దొరుకుతుంది. పాట నిలిచిన కొద్దీ మీటులను రెండుకు, నాలుగుకు, ఎనిమిదికి పెంచుకోవచ్చు. గొంతు తడబడితే చేతిని ఆపకూడదు. చేయి నడుస్తూ ఉంటే తరువాతి పాదం దగ్గర పాటను అందుకోవచ్చు. కదులుతున్న బండిని పరుగెత్తి ఎక్కవచ్చును గాని, ఆగిన బండిని ఎక్కి ప్రయాణం చేయలేము కదా.

అక్షరం దెబ్బ మీదనే పడుతుందని అనుకోవడం మరొక చిక్కు. ఎత్తుగడలు మూడు విధాలని మన సంగీతశాస్త్రం చెబుతుంది. తాళంతో పాటు పాట మొదలైతే సమగ్రహం. తాళం మొదలైన పిమ్మట పాట ఎత్తుకొంటే అనాగతం. తాళానికి ముందే పాట మొదలైతే అతీతం. సినిమా పాటలలో చాలా వాటికి సమగ్రహం ఉండదు. గిటారు పట్టినవాడు మొదటి దెబ్బతోనే మొదటి మాటను పలకబోయి, పల్లవి మొత్తాన్ని అర అక్షరం ముందుకు జరిపివేస్తాడు. ఎక్కడ తప్పిందో అతనికి తెలియదు, వినేవారికి మాత్రం ఇబ్బందిగా ఉంటుంది. అందుచేత పాటను కాగితం మీద రాసుకొని, తాళపు దెబ్బ పడే ప్రతి అక్షరం కింద గీత గీసి, కార్డు మారే అక్షరం మీద దాని పేరు రాసుకోవాలి. ఈ పని చేతితో చేయడమే మంచిది. రాసుకొనేటప్పుడే సగం పాట వశమవుతుంది.

తెలుగు పదాలు సాధారణంగా అచ్చులతో ముగుస్తాయి. అచ్చును ఎంతసేపైనా సాగదీయవచ్చు. గాయకునికి ఇది వరం. గిటారు అభ్యాసకునికి ఉచ్చు. వేళ్లు తరువాతి కార్డును చేరేవరకు అచ్చును పట్టుకొని నిలబడడం అతనికి తెలియకుండానే అలవాటవుతుంది. పాట ప్రతి మలుపులోనూ జీడిపాకం వలె సాగుతుంది. హ్రస్వం హ్రస్వంగా, దీర్ఘం దీర్ఘంగా ఉన్నదా అని చూసుకోవడం ఛందస్సు చదివిన విద్యార్థికి కష్టం కాదు. గురులఘువులను గుర్తించే చెవి తరగతి గదిలోనే కాక ఇక్కడ కూడా ఉపకరిస్తుంది.

ఇంత చేసినా పాట కుదరకపోవడానికి శ్రుతి కారణం కావచ్చు. జూనియర్ కళాశాల వయస్సులోని బాలుర గొంతు అప్పుడప్పుడే స్థిరపడుతూ ఉంటుంది. కౌమారంలో స్వరపేటిక పెరిగి, స్వరతంత్రులు పొడవై, బాలుర గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఏడవ తరగతిలో ఏ శ్రుతిలో హాయిగా పాడాడో ఆ శ్రుతి పదిహేడవ ఏట అందదు. సినిమా గాయకుడు పాడిన శ్రుతిలోనే పాడాలన్న పట్టుదలతో కొందరు గొంతు చించుకొంటారు. మరికొందరు తమకు పాట రాదని అనుకొంటారు. రెండూ పొరపాటే. కర్ణాటక సంగీతంలో పురుషులు సామాన్యంగా ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతులలోను, స్త్రీలు నాలుగున్నర నుంచి అయిదున్నర వరకు గల శ్రుతులలోను పాడతారు. శ్రుతిని మనిషికి తగినట్లు మార్చుకోవడమే సంప్రదాయం. గిటారు మీద దీనికి కేపో అనే చిన్న బిగింపు ఉంది. దానిని ఒక మెట్టు మీద బిగిస్తే శ్రుతి అర దూరం పెరుగుతుంది. సి కార్డు పట్టే వేళ్లతోనే రెండవ మెట్టు మీద కేపో ఉంచి పాడితే శ్రుతి ఒకటి నుంచి రెండుకు చేరుతుంది. వేళ్లకు కొత్త పని లేకుండా గొంతుకు తగిన చోటు చూపడం దాని ప్రయోజనం. అందులో చిన్నతనం ఏమీ లేదు. శ్రుతిని దించవలసివస్తే అన్ని తీగలనూ ఒకే మేరకు కొంత సడలించుకోవచ్చు.

పాశ్చాత్య వాద్యం పాశ్చాత్య పాటకే తగునన్న సందేహం కొందరికి ఉంటుంది. పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ (1969-2014) ఆ సందేహాన్ని బాల్యంలోనే తీర్చివేశారు. మాండలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని పలికించి ఆయన ప్రపంచ ప్రఖ్యాతి పొందారు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. గురువు పాడేవారు, ఆ పాటను విని బాలుడు తీగల మీద పలికించేవాడు. శ్రీనివాస్ వాయిస్తూ పాడే కళాకారులు కారు. అయినా వేళ్లకు దారి చూపినది గొంతే అన్న విషయం ఆ గురుశిష్యుల కథలో స్పష్టంగా ఉంది. గిటారు మీద ఎత్తుకోబోయే పాటను ముందుగా వాద్యం లేకుండా, ఒట్టి తాళంతో, నడుస్తూ కూడా తప్పకుండా పాడగలగాలి. పాట మాటలు పుస్తకంలో చూసుకొంటూ, కార్డులు వేళ్ల దగ్గర చూసుకొంటూ, రెంటి నడుమ కళ్లు పరుగులు పెడుతుంటే పాట ఎన్నటికీ కలవదు.

కళ్ల విషయంలో మరొక మాట. ఎడమచేతిని చూడడానికి మెడ వంచితే గొంతు నొక్కుకొనిపోతుంది. వెన్ను నిటారుగా ఉంచి, చూపు ఎదుటి గోడ మీద నిలిపి మీటడం రోజూ కొంతసేపు అభ్యసించాలి. వేలి చివరలు మొదటి వారాలలో నొప్పి పెడతాయి; పిమ్మట చర్మం గట్టిపడుతుంది. ఆదివారం నాడు మూడు గంటలు కూర్చొని, తక్కిన ఆరు రోజులు వాద్యాన్ని ముట్టకపోవడం కంటె ప్రతిదినం ఇరవై నిమిషాలు మేలు. నేర్చిన కదలిక నిద్రలో కూడా మెదడులో స్థిరపడుతుందని ఆధునిక పరిశోధనలు చెబుతున్నాయి. రాత్రి ఎంతకూ కుదరని మలుపు మరునాటి ఉదయం తేలికగా కుదరడం అభ్యాసకులకు అనుభవంలో ఉన్నదే. పరీక్షల కాలంలో కూడా ఈ ఇరవై నిమిషాలను పూర్తిగా మానివేయనక్కరలేదు.

ఒంటరిగా కుదిరిన పాట నలుగురిలో చెదరడం సహజం. సభలో గుండె వేగం పెరుగుతుంది, దానితో చేతి వేగం పెరుగుతుంది, గొంతు వెనుకబడుతుంది. దీనికి ఉపాయం పాటకు ముందే ఉంది. వెంటనే పాడకుండా రెండు ఆవర్తాలు ఉత్తగా మీటాలి. తన లయను తాను వినాలి. ఇంటి వద్ద పాడిన వేగమే అది అని చెవికి నమ్మకం కలిగిన తరువాతనే పల్లవి ఎత్తుకోవాలి. నడుమ ఒక చరణం మరిచిపోతే చేయి నడుస్తూనే ఉంటుంది, పక్కనున్న మిత్రులు పల్లవి అందుకొంటారు. చివరి మాట పలికిన వెంటనే వాద్యాన్ని ఠక్కున ఆపవలసిన పని లేదు. గొంతు విశ్రమించిన తరువాత చేయి ఇంకొక్క ఆవర్తం నడిచి, సమం మీద ఒక్క నిండు కార్డును మీటి, తీగలు వాటంతట అవే సద్దుమణిగేవరకు తీగల మీదికి తిరిగి రాకుండా నిలుస్తుంది.